రాయి తెలియని బూట్లు

మొన్న రైల్వే గ్యాంగులో కొత్తగా చేరిన కీమేను ఒకతను మా క్వార్టరు గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గోడకి ఆనుకుని నిలబడి, కాసేపు అటూ ఇటూ చూసి, "భౌజీ, భయ్యా వేసుకునేవాడే, ఆ ఆకుపచ్చ బూట్లు, అవి ఎక్కడ దొరుకుతాయి?" అని హిందీలో అడిగాడు. "వాటితో నడిస్తే గిట్టీ తెలియనే తెలియదట కదా. గ్యాంగంతా చెప్పుకుంటున్నారు. ఎన్నాళ్ళు మన్నాయి?"

గిట్టీ అంటే పట్టాల కింద పరిచే కంకరరాయి. భౌజీ అంటే వదిన.

కంపెనీ పేరు చెబుదామంటే నాకు అక్షరాలు రావు. ఎన్నాళ్ళు మన్నాయి అంటే, ఆ మాటకి ఒక్క ముక్కలో జవాబు లేదు. "మళ్ళీ రా బాబూ" అన్నాను. వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. అతనికి చెప్పలేనిదంతా పక్క క్వార్టరులో అద్దెకి దిగిన బ్యాంకులో పనిచేసే తెలుగమ్మాయికి చెబుతున్నాను, ఆవిడ రాస్తోంది. మోటుగా ఉన్న చోట సరిచేస్తానంది. సరిచెయ్యమ్మా, కానీ తగ్గించకు అన్నాను.

ముందే చెప్పేస్తాను. ఆ బూట్లు తొడిగిన కాలు పోయింది. కాలు వెనకాల మనిషి పోయాడు. బూట్ల తప్పు లేదు. బూట్లు మంచివే. అదే నా ఏడుపు.

మా ఆయన కూడా కీమేనే. పొద్దున్నే సుత్తి, పానా భుజాన వేసుకుని, ఎర్ర జెండా పచ్చ జెండా చుట్టి పట్టుకుని తన బీటు, అంటే తన వంతు లైను, అంతా నడవాలి. రైళ్ళ అదురుకి పట్టాని పట్టి ఉంచే క్లిప్పులు వదులవుతాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ, వదులైనదాన్ని కొట్టి బిగించుకుంటూ పోవాలి. తాత శ్రీకాకుళం వైపునుంచి ఈ ఛత్తీస్‌గఢ్‌కి వచ్చి గ్యాంగులో చేరాడు. తండ్రీ గ్యాంగే. ఈయనా గ్యాంగే. ఆ ఇంట్లో మగవాళ్ళంటే నడిచేవాళ్ళు.

ఆయన నడక చూస్తే నాకు నవ్వొచ్చేది. పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపరు మీంచి స్లీపరు మీదికి అడుగు వేసి వేసి ఆ కొలత కాళ్ళకి పట్టేసింది. బుధవారీ బజారుకి కూరలకి వెళ్ళినా అదే అడుగు. నా పక్కన నడవడం ఆయనకి చేతకాదు. పట్టాల మధ్య మనుషులు ఒకరి వెనక ఒకరు నడుస్తారు గాని పక్కపక్కన నడవరు కదా. ముందు ఆయన, వెనక నేను. ఉండుండి తల తిప్పి వెనక్కి చూసేవాడు. పెళ్ళయిన కొత్తలో నా కోసమే చూస్తున్నాడని మురిసిపోయాను. తరవాత తెలిసింది, రైలు కోసమని.

"ఇది రోడ్డు మావా. ఇక్కడికి రైలెక్కడ్నించి వొస్తాది?" అంటే,

"రాదనుకున్న కాడికే వొస్తాదే. ఎనక సూసుకోనోడు ముందుకెల్డు" అనేవాడు.

దేన్నయినా కొట్టి చూస్తేగాని నమ్మడు. పుచ్చకాయ, గ్యాసు బండ, కొత్త కుండ, అద్దెకి తెచ్చిన కుర్చీ. వేలి కణుపుతో టక్కుమని కొట్టి, తల ఒక పక్కకి వాల్చి వింటాడు. "సౌండు బాగుంది" అన్నాడంటే ఇంక దానికి తిరుగులేదు. నాకు కోపం వచ్చిన రోజున నా నెత్తి మీద కూడా మెల్లిగా కొట్టి, "ఇక్కడేదో క్లిప్పు ఒదులైనాది" అనేవాడు. తిట్టబోయినదాన్ని నవ్వేసేదాన్ని. మాకు పిల్లలు లేరు. మా ఇంట్లో సందడంతా ఆ టకటకలే.

కానీ ఆయన అసలు మాటలన్నీ అరికాళ్ళతోనే. బూట్లు రాకముందు మాట చెబుతున్నాను. డ్యూటీనుంచి వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపేవాడు. అక్కడ మొదలయ్యేది.

"ఒలే, ఈయేళ వొంతెన కాడ కొత్త గిట్టీ దింపినారే. ఒక్కో రాయి ఒక్కో కత్తి. పాత గిట్టీ ఐతే ముసిలమ్మ పల్లలాగ అరిగీసి మెత్తగుంతాది. ఈ కొత్తది మాత్రం రాచ్చసి."

నేను ఉప్పేసిన వేణ్ణీళ్ళు బేసినులో పెట్టేదాన్ని. కాలు ముంచగానే "సుర్రుమన్నాదే!" అని అరిచేవాడు. ఎడమ మడమ కింద ఏ మలుపు దగ్గర నొప్పి మొదలైందో, బొటనవేలి కింద ఏ సిగ్నలు దగ్గర గుచ్చుకుందో, లైనంతా ఆ పాదాల మీద చదివి నాకు వినిపించేవాడు. నేను ఆ లైను ఎప్పుడూ చూడలేదు. అయినా ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో, ఎక్కడ ముళ్ళ తుప్పలున్నాయో నాకు తెలుసు. "నీ నోరు కన్నా నీ కాళ్ళే ఎక్కువ వాగుతాయి మావా" అనేదాన్ని.

అప్పుడొచ్చాయి బూట్లు.

ఫోనులో ఏదో చూశాడు. కొండల మీద, రాళ్ళ దారుల్లో, ఎవరో పందెం పెట్టుకుని పరుగెడుతున్నారు. నన్ను పిలిచి చూపించాడు. "సూడే, ఆల్లు కొండలెక్కి పరిగెడతన్నారు, ఒక్కడు కాలు పట్టుకోడం నేదు. ఆల్ల రాల్లూ రాల్లే, మన రాల్లూ రాల్లే" అన్నాడు. పండగ బోనసు రాగానే నన్ను వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాడు. అక్కడి కుర్రాడు ఈయన్ని ఎగాదిగా చూసి, "రన్నింగ్ కరతే హైఁ, అంకుల్?" అన్నాడు.

"నహీఁ బేటా. చల్తా హూఁ."

"మార్నింగ్ వాక్?"

"నౌకరీ" అన్నాడు ఈయన.

ఆ కుర్రాడు పాపం మంచివాడే. ఇవి అడవి దారుల్లో, కొండ దారుల్లో పరుగెత్తేవాళ్ళకి, మీకు మామూలు బూట్లు చాలు అన్నాడు. "ఆ దారిలో రాళ్ళుంటాయా?" అని అడిగాడు ఈయన. ఉంటాయన్నాడు. "అచ్ఛా. తో దే దో." చిలకాకుపచ్చ రంగు, నారింజ తాళ్ళు. అడుగున మేక గిట్టల్లాగ బిరుసైన గుబ్బలు. ఇంటికి తెచ్చి, అలవాటు చొప్పున అడుగు మీద వేలి కణుపుతో కొట్టాడు. తల వాల్చి విన్నాడు. మళ్ళీ కొట్టాడు.

"సౌండే నేదే!" అన్నాడు, ఆశ్చర్యంగా.

గ్యాంగు మేటు, అంటే గ్యాంగుకి పెద్ద, ఇక్కడి ఛత్తీస్‌గఢ్ మనిషే. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. మొదటి రోజు ఈయన్ని చూసి పట్టాలకి అవతలి నుంచే కేకేశాడట, "ఏ దూల్హే రాజా! బారాత్ కిధర్?" అని, పెళ్ళికొడుకా ఊరేగింపు ఎటు అన్నట్టు. అందరూ ఒకసారి తొడిగి చూస్తామన్నారట. ఎవరికీ పట్టలేదు. ఈయన పాదం చిన్నది. మా ఇద్దరి చెప్పులూ ఇంచుమించు ఒకటే కొలత. హడావిడిలో ఒకరివి ఒకరం వేసుకుని పోయేవాళ్ళం.

ఆ బూట్ల గుణం చెప్పమంటే చెబుతాను, అబద్ధమెందుకు. మరుసటి ఏడు, మొదటి వానాకాలం అంతా అద్భుతంగా పనిచేశాయి. తడిసిన స్లీపరు మీద మామూలు బూటు జారుతుంది. ఇవి జారలేదు. నీళ్ళు ఎంత వేగంగా లోపలికి వెళ్ళేవో అంత వేగంగా బయటికి వచ్చేవి. పొద్దున తడిస్తే డ్యూటీ దిగేసరికి ఆరిపోయేవి. సెలవు రోజున నేను వాటిని పాత పళ్ళబ్రష్షుతో తోమి, గుబ్బల సందుల్లో ఇరుక్కున్న రాళ్ళని తలపిన్నుతో ఒక్కొక్కటే తీసేదాన్ని. గోడ మీద ఎండబెడితే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

అన్నిటికన్నా పెద్ద గుణం ఆయనే చెప్పాడు.

"ఒలే, రాయి తెలీడం నేదే."

"నిజంగానా?"

"ఒట్టు. దూది మీద నడిసినట్టుంది. కొత్త గిట్టీ, పాత గిట్టీ, అన్నీ ఒకటే."

నేను సంతోషించానమ్మా. ఎందుకు సంతోషించను? వేణ్ణీళ్ళ బేసిను అటక మీద పెట్టేశాను. మెట్టు మీద కూర్చుని లైను ముచ్చట్లు చెప్పడం మెల్లిమెల్లిగా మానేశాడు. ఏముంది చెప్పడానికి, కాళ్ళకి ఏమీ తగలకపోతే? ఇంట్లో కొంచెం నిశ్శబ్దంగా ఉండేది. సుఖమంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఆయనకి షుగరు ఉందని అప్పటికే తెలుసు. మాత్రలు ఇచ్చారు. గుర్తుంటే వేసుకునేవాడు. గుర్తుచేస్తే విసుక్కునేవాడు. "సుగరు కూకున్నోల్ల జబ్బే. దుకానం సేట్లకి, ఆఫీసు బాబులకి. నానెప్పుడు కూకున్నాను సెప్పు" అనేవాడు. మా లైను క్వార్టర్లలో సగంమంది మాట అదే. నడిచేవాడికి ఏ రోగమూ రాదని. నాకూ అదే నమ్మకం.

చలికాలానికి మడమ లోపలి గుడ్డ చిరిగింది. నేనే కుట్టాను. ఎండాకాలంలో పట్టాల పక్క వేడికి అడుగు అంచున జిగురు విడిచింది. మా పక్క పేట తోర్వాలో చెప్పులు కుట్టే ఆయన అతికి ఇచ్చాడు. క్లిప్పు కనబడడానికి గిట్టీని కాలితో తన్ని పక్కకి నెట్టే అలవాటు ఈయనది. దానితో ముందు భాగం జాలీ చిరిగిపోయింది. దానికి సైకిలు ట్యూబు ముక్క వేయించాడు. రెండో వానాకాలం వచ్చేసరికి గుబ్బలు అరిగి, అడుగు చపాతీ పీటలాగ నున్నగా అయిపోయింది. ఒకసారి వంతెన దగ్గర జారి మోకాలు గీరుకుపోయి వచ్చాడు.

"ఇంక పారెయ్యి మావా. కొత్తవి కొనుక్కో."

"ఎందుకు పారెయ్యాల? జారితే జారినాయి. రాయి మాత్రం ఇప్పటికీ తెలీదు. అరిగిన కొద్దీ ఇంకా మెత్తబడినాయే. కంపెనీ అంటే అదీ!"

ఈ మాట నాకే కాదు, గ్యాంగులో అందరికీ చెప్పాడు. మేటు ఒకరోజు మా గుమ్మంలో నీళ్ళు తాగుతూ ఆ బూటు చేతిలోకి తీసుకుని వంచి చూసి, "యే జూతా హై కి కాగజ్?" అని నవ్వాడు. కాగితమే గాని ఇనుప కాగితం అని ఈయన జవాబు. అందరం నవ్వాం. బూటు అరిగేకొద్దీ రాయి ఎక్కువ తెలియాలి గాని, తక్కువ ఎలా తెలుస్తుంది అని ఒక్కరికీ తట్టలేదు. రాళ్ళ మీదే పుట్టి పెరిగినవాళ్ళం, మాకే తట్టలేదు.

దీపావళికి ముందు ఇల్లు దులుపుకునే రోజులు. ఆయనకి ఆవేళ సెలవు. లోపల టీ తాగుతున్నాడు. మా పెరట్లో కుళాయి దాకా బురద కాకుండా పాత గిట్టీ పరిచి ఉంటుంది. నీళ్ళు వచ్చాయి. నా చెప్పు తెగింది. గుమ్మంలో ఆ బూట్లు కనబడితే కాళ్ళు దూర్చి బకెట్టు పట్టుకుని బయల్దేరాను. రెండడుగులు వేశానో లేదో, "ఒలమ్మో!" అని అరిచి బకెట్టు వదిలేశాను. ప్రతి రాయీ తగులుతోంది. అరిగిన గిట్టీ, ముసలమ్మ పళ్ళు అన్నాడే, అదే నా అరికాళ్ళని కొరికేస్తోంది. అక్కడే కూలబడి బూటు తీసి చూశాను. అడుగున బొటనవేలు ఉండే చోట ఏమీ లేదు. లోపల ఒక రాతి ముక్క దూరి, నలిగి, బూటులో భాగమైపోయి ఉంది. దాని చుట్టూ గోధుమరంగు మరక. తుప్పు అనుకున్నాను. వాసన చూశాను. తుప్పు కాదు.

బూటు పట్టుకుని లోపలికి వెళ్ళాను.

"మావా, నిన్న ఇయ్యేసుకుని బీటంతా నడిసావా?"

"ఆఁ."

"గుచ్చుకోనేదా?"

"ఎన్నిసార్లు సెప్పాలే? రాయే తెలీదు."

"నాకు తెలిసింది."

నవ్వాడు. "నీకు అలవాటు నేదు కదేటి."

"కాలు ఇలాగియ్యి."

"టీ తాగనియ్యే."

వినలేదు నేను. మేజోడు పీకేశాను. సగం ఊడింది, సగం అంటుకుపోయింది. బొటనవేలి కింద గొయ్యి. చింతగింజ పడితే దిగిపోయేంత గొయ్యి. చుట్టూ తెల్లగా నాని, చచ్చిన చర్మం. నేను దాని అంచున వేలు పెట్టి నొక్కాను. గట్టిగా నొక్కాను. ఇంకా గట్టిగా నొక్కాను.

ఆయన టీ ఊదుకుంటున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు కళ్ళు మూసుకోమన్నాడు. నేను తాకినప్పుడు చెప్పు అన్నాడు. ఈయన కళ్ళు గట్టిగా మూసుకుని, బుద్ధిమంతుడిలాగ కూర్చున్నాడు. డాక్టరు ఒక సన్నని తీగలాంటిది పట్టుకుని అరికాలంతా పొడుస్తున్నాడు. మడమ, మధ్య, వేళ్ళు. నేను చూస్తున్నాను. ఈయన మాట్లాడడు. చివరికి విసుగొచ్చి, "మొదలెట్టండి సార్" అన్నాడు.

డాక్టరు నా మొహం చూశాడు.

షుగరు పాదాలకి స్పర్శ లేకుండా చేసిందని, పుండు ఎముకకి పట్టిందని చెప్పాడు. వేళ్ళతో సహా పాదం ముందు భాగం ఇప్పుడే తీసేస్తే మడమ మిగులుతుంది, నడవొచ్చు. ఆలస్యమైతే ఎంతవరకు తియ్యాలో నేను చెప్పలేను అన్నాడు. మెల్లిగా, హిందీలో, నాకు అర్థమయ్యేలాగ రెండుసార్లు చెప్పాడు. ఆయన్ని నేను ఒక్క మాట అనను.

"నొప్పి నేని కాలు కొయ్యడమేటి సార్? నొప్పున్నోడి కాలు కొయ్యండి" అన్నాడు ఈయన, నవ్వుతూనే. ఆపరేషను వద్దని సంతకం పెట్టి ఇంటికి వచ్చేశాడు.

ఇంటికొచ్చాక నాతో అసలు మాట అన్నాడు. "ముందు పాదం నేకపోతే బీటు నడవనిస్తారేటే? ఆఫీసు తలుపు కాడ స్టూలేసి కూకోబెడతారు. గంట కొడితే నేవాలి, టీ అంటే టీ. మా తాత కూకోనేదు, మా అయ్య కూకోనేదు."

"కూకో మావా. నా కోసం కూకో. బతికుండి కూకో."

"కట్టు కట్టుకుంతే మానుతాది. దెబ్బేగా."

రోజూ నేనే కట్టు మార్చాను. సెలవు పెట్టి మంచం మీద పడుకున్నాడు గాని చెవులు లైను వైపే. రైలు పోతుంటే తల వాల్చి వినేవాడు. "మూడో నంబరు లైన్లో ఏదో లూజు" అనేవాడు. నేను తిట్టాను. తిండి మానేశాను. సీపత్‌లో కాంట్రాక్టు పని చేసే మా మరిదిని పిలిపించి చెప్పించాను. అన్నదమ్ములిద్దరూ క్రికెట్టు మాటలు మాట్లాడుకుని లేచారు. ఒక మధ్యాహ్నం ఇంక నా వల్ల కాలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. నేను మంచం చివర నేల మీద కూలబడి, ఆ రెండు పాదాలూ పట్టుకుని, నుదురు ఆనించి ఏడ్చాను. చప్పుడు బయటికి రానివ్వలేదు. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నా కన్నీళ్ళతో కట్టు తడిసింది. మగవాడి కాళ్ళ మీద పడితే కరుగుతాడంటారు కదా.

ఆయన కిటికీలోంచే చూస్తూ, "ఒలే, ఎక్కడున్నావే? కాసిన్ని నీల్లు అట్రా" అన్నాడు.

నేను కాళ్ళు పట్టుకున్న సంగతి ఆయనకి తెలియనే లేదు.

తరవాత జ్వరం వచ్చింది. వణుకు వచ్చింది. ఒక పొద్దున నేను పొయ్యి దగ్గరుంటే పెద్ద కేక. పరుగెత్తుకొచ్చాను. మంచం మీద లేచి కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. మోకాలి కింద, పిక్క మీద చెయ్యి పెట్టుకుని చూపిస్తున్నాడు.

"వొచ్చీసినాదే! నొప్పి వొచ్చీసినాది! తెలుస్తన్నాది సూడు! మానుతాదని సెప్పాను కదేటి!"

పిక్క ఎర్రగా ఉబ్బి, పైకి గీతలు పాకి ఉన్నాయి. నేను మేటుకి ఫోను చేశాను. ఆయన, ఇంకో ఇద్దరు గ్యాంగు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుపోయారు. దారి పొడుగునా ఈయన వాళ్ళకి చెబుతూనే ఉన్నాడు, దర్ద్ ఆ గయా, దర్ద్ ఆ గయా అని. మేటు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

ఈసారి డాక్టరు మోకాలి పైన గీత చూపించాడు. ఈయన ఆ గీతని చూసి, నన్ను చూసి, "తియ్యమను" అన్నాడు. అంతే. పందెంలో ఓడినవాడిలాగ.

తీశారు. నర్సమ్మ బయటికి వచ్చి అడిగింది, దాన్ని మేమే చూసుకోవాలా, మీరు తీసుకెళ్తారా అని. దాన్ని అంటే ఏమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇవ్వమన్నాను. చెత్తలోకి వెళ్ళనిస్తానా? మా మరిది రక్తం కోసం ఉండిపోవాల్సి వచ్చింది. మేటు బండి తీశాడు. నేను వెనక కూర్చున్నాను. మూట నా ఒళ్ళో ఉంది. తెల్లగుడ్డలో, దాని మీద ప్లాస్టిక్కు. ఇంత బరువుంటుందనుకోలేదు. తోర్వా రోడ్డులో జనం, గంటలు, కూరల బళ్ళు. ఎవరికీ తెలియదు నా ఒళ్ళో ఏముందో. గోతి వచ్చినప్పుడల్లా గట్టిగా పట్టుకున్నాను.

నది ఒడ్డున శ్మశానంలో కాపలా మనిషి మా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. "లాష్ కహాఁ హై?" అన్నాడు, శవమేది అని.

మేటు మూట చూపించాడు.

"ఆద్మీ?"

"జిందా హై" అన్నాను నేను. "బతికే ఉన్నాడు. రాత్రికి గంజి తాగుతాడు."

ఆ మనిషి తల గోక్కున్నాడు. మనిషిని కాలుస్తాం, చిన్నపిల్లల్ని పాతుతాం, కాలుకి ఏ పద్ధతో నాకు తెలియదమ్మా అన్నాడు. చివరికి పిల్లల్ని పాతే వైపు, ఇసక మెత్తగా ఉన్న చోట గొయ్యి తవ్వాడు. ఆడవాళ్ళు రాకూడదని అతనూ అనలేదు, మేటూ అనలేదు. మనిషికైతే పద్ధతులు గుర్తొచ్చేవి. కాలుకి ఏం గుర్తొస్తాయి? నా చేతులతోనే దింపాను. కుక్కలు తవ్వకుండా అతను మీద పెద్ద పెద్ద రాళ్ళు పేర్చాడు.

సాయంత్రానికి ఆయనకి తెలివి వచ్చింది. దుప్పటి ఒక పక్క ఎత్తుగా ఉంది, ఇంకో పక్క చదునుగా ఉంది. ఆయన ఆ చదునైన చోటు చూసి మొహం చిట్లించాడు.

"ఒలే. పాదం కింద రాయి గుచ్చుతన్నాదే."

"ఏ పాదం మావా?"

"అదే. బొటనేలు కింద. సంపేస్తన్నాది. తియ్యవే."

ఎన్నాళ్ళ తరవాత విన్నానమ్మా ఆ మాట. నేను దుప్పటి కింద ఏమీ లేని చోట చెయ్యి పెట్టి, తీసినట్టు తీశాను. "తీసీసాను మావా." లేదన్నాడు. ఇంకా ఉందన్నాడు. ఒకటి కాదు, చాలా ఉన్నాయన్నాడు. నొప్పికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కాలు లేకపోయినా నొప్పి వస్తుందని, దానికి మందు ఉందని నర్సమ్మ చెప్పింది. సూది కూడా ఇచ్చింది. నాకు మాత్రం కాపలావాడు పేర్చిన రాళ్ళే కళ్ళముందు ఉన్నాయి. పొద్దున లేవగానే మేటుని బతిమాలాను. "పాగల్ హో గయీ, భౌజీ?" అన్నాడు. అంటూనే బండి తీశాడు. వెళ్ళి ఒక్కొక్క రాయీ ఎత్తి దూరంగా పడేశాను. రాళ్ళ బదులు మూరెడెత్తు ఇసక పోసి, ముళ్ళకంప కప్పాను. తిరిగి వచ్చి, "ఇప్పుడెలాగుంది మావా?" అని అడిగాను.

అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. విషం పైకి ఎక్కేసిందట. నా మాట విన్నాడో లేదో తెలియదు. మంచం అంచున ఉన్న ఇనప కడ్డీని వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. తల వాల్చబోయాడు. అది పూర్తిగా వాలలేదు.

గ్యాంగంతా వచ్చింది. పాడె మీద ఆ చదునైన పక్క బోసిగా ఉందని ఎవరో గడ్డి కట్ట పెట్టి పైన గుడ్డ కప్పారు. నేను కూడా బయల్దేరాను. మా మరిది రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వొదినా, ఆడోల్లు రాకూడదు. మనలో నేదు."

"నాకు దారి తెలుసు" అన్నాను. "ఆడికి నాను రెండుసార్లు ఎల్లొచ్చాను."

"వొదినా, నలుగురూ సూస్తన్నారు."

వచ్చిన చుట్టాల్లో ఆడవాళ్ళు నన్ను పట్టుకుని లోపలికి లాగారు. గింజుకున్నాను. తలుపు వేసేశారు.

వాళ్ళు తిరిగొచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటుంటే నేను మరిది దగ్గరికి వెళ్ళాను. ఏడవలేదు. ఒక్కటే అడిగాను. కాల్చిన చోటుకి కాలు పాతిన చోటు దగ్గరేనా, ఆ ఇసక కూడా కొంచెం తెచ్చి బూడిదలో కలిపారా అని.

మరిది చెంబు పట్టుకుని నా వైపు చూశాడు. పాపం, మూడు రోజుల్నుంచి నిద్ర లేని మనిషి. కాలు పాతిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఏ కాలు, వొదినా?" అన్నాడు.